అక్రిలిక్ తొట్టి మీద బొట్టు

రత్నమాల గాజులన్నీ ఎడమ చేతికే వేసుకుంటుంది. కుడి చేయి భుజం దాకా నీళ్ళలోకి దిగాలి. ఆఫీసు రిసెప్షన్‌లో ఆమె శుభ్రం చేసే ఉప్పునీటి చేపల తొట్టి గోడలు అద్దం కాదు, అక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్. చేతిగాజు అంచు తగిలినా గీత పడుతుంది.

ఆయుధపూజ రోజు పొద్దున కూడా ఆమె సబ్బు ముట్టకుండా మంచినీళ్ళతో చేయి రుద్ది కడుక్కుని, స్టూలెక్కి, తెల్లటి మెత్తగుడ్డతో లోపలి గోడకు పట్టిన పాచిని పైనుంచి కిందికి తుడుస్తోంది. ఇసుక దాకా వెళ్ళదు. జానెడు ఎత్తు వదిలేసి ఆగిపోతుంది. ఇసుక రేణువు గుడ్డలో చిక్కిందంటే అది కూడా గీతే. తెల్ల పట్టీల నారింజ చేపలు ఆమె వేళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. పసుపుపచ్చ చేప మాత్రం రాయి వెనకనుంచి చూస్తోంది.

"అక్కా, ఈ పొద్దన్నా దిగు. పూజ మొదలైతాంది," అంది రిసెప్షన్ బల్ల వెనకనుంచి నవ్య. అనంతపురం పిల్ల. పట్టుచీర కట్టుకొచ్చింది. కుచ్చిళ్ళు జారుతాయని కుర్చీలోంచి కదలడం లేదు.

"ముందు నువ్వు లేచి చూపెట్టు. నేను దిగుత."

నవ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లోపలి హాల్లో గంట మోగింది. కాసేపటికి అడ్మిన్ మేనేజర్ సురేంద్ర పళ్ళెం పట్టుకుని వచ్చాడు. రోజూ మెడలో కార్డు వేలాడేసుకుని తిరిగే మనిషి ఆ రోజు పంచె కట్టాడు. సర్వర్ గది తలుపుకు, ప్రింటర్లకు, కాఫీ మెషిన్‌కు, తలుపు పక్కన వేలిముద్రల యంత్రానికి ఒక్కటీ విడవకుండా బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాడు. కుంకుమను కొబ్బరినూనెతో కలిపాడు.

"నూనెతో పెడితే నిలుస్తాది," అన్నాడు నవ్యతో. "మా నాయన లారీకి ఇట్లనే పెడతాండె. వానకు గూడా పోయేది కాదు."

తొట్టి ముందుకొచ్చి ఆగాడు. "ఇదీ మెషినే కదా. పంపుండాది, హీటరుండాది."

"సార్, కింద కట్టెకు పెట్టరాదా?" అంది రత్నమాల స్టూలు మీదనుంచే.

"దేవుని బొట్టుకు పైన కింద ఏముంటాదమ్మా," అని, తొట్టి ముందు గోడ ఒంపు తిరిగే చోట పసుపు పూసి, నడుమ ఎర్రగా పెద్ద బొట్టు పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసి చూసుకున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. రత్నమాల మళ్ళీ గుడ్డ అందుకుంది. పూజ నాడు పెట్టిన బొట్టును తుడిచెయ్యమని ఎవరూ అడగరు.

సెలవుల తర్వాత ఆఫీసు తెరిచిన రోజే బయటి దేశపు కంపెనీవాళ్ళు చూడటానికి వస్తున్నారు. పొద్దున్నే సురేంద్ర అన్ని గదులూ తిరిగి వాడిన పూలదండలు తీయించాడు. తొట్టి దగ్గరికి వచ్చేసరికి ముఖం మారింది. నూనె కారి బొట్టు నుంచి ఎర్రటి చార ఒకటి కిందిదాకా దిగింది. కాగితపు రుమాలుతో రుద్దాడు. ఎరుపు ఇంకా పరుచుకుంది.

"ఏమ్మా, దీన్ని తుడవలేదా నువ్వు?"

"ఇప్పుడే వచ్చిన సార్. నీళ్ళు, మెత్తగుడ్డ తెచ్చిన. నూనె కదా, నిమ్మళంగా పోతది. లేకుంటే రంగనాథ్ సారుకు ఫోన్ చేసి అడుగుత."

రంగనాథ్ ఈ తొట్టి పెట్టిన మనిషి. కొత్తగూడ చౌరస్తా దగ్గర అతనికి చేపల దుకాణం ఉంది.

"నిమ్మళంగా అంటే యాడ కుదురుతాది? బండి గేటు కాడికొచ్చేసింది. నవ్యా, ఆ సీసా ఇట్లియ్యి."

నవ్య బల్ల మీదున్న శానిటైజర్ సీసా అందించింది. సురేంద్ర తొట్టి గోడ మీద చిమ్మాడు.

"వద్దు సార్," రత్నమాల స్టూలు కింద పెట్టేసింది. "దాని మీద అట్లాంటియి కొట్టొద్దని చెప్పిండు రంగనాథ్ సారు."

"ఏం కాదులేమ్మా. చేతులకు పూసుకునేదే కదా."

మళ్ళీ చిమ్మాడు. ఒంపు దగ్గర, అంచు వెంట, పక్కగోడ అతుకు దాకా గట్టిగా రుద్దాడు. ఎరుపు పోయింది. గోడ తళతళలాడింది. రుమాలు ఉండచుట్టి రత్నమాల చేతిలో పెట్టి, "చూడు, ఇంతే పని," అని లిఫ్టు వైపు పరిగెత్తాడు.

వచ్చినవాళ్ళు తొట్టి ముందు నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్ళారు.

మర్నాడు పొద్దున రత్నమాల లైటు వేసి చూస్తే, బొట్టు ఉన్న చోట ఏదో పట్టినట్టు కనిపించింది. వేలు పెట్టింది. చేతికి ఏమీ అంటలేదు. వంగి పక్కనుంచి చూసింది. గోడ లోపల సన్నటి వెండి దారాలు. ఒంపు మొత్తం సాలెపురుగు అల్లినట్టు ఉంది. దారాలు అంచు వెంట పాకి పక్కగోడ అతుకు దగ్గర దట్టంగా ఉన్నాయి. వెలుగు పడినప్పుడల్లా మెరుస్తున్నాయి. వెనక చేపలు ముక్కలు ముక్కలుగా కదులుతున్నాయి.

ఆమె ఫోన్ చేస్తే రంగనాథ్ వచ్చాడు. టార్చి వేసి చూసి, నాలుక చప్పరించాడు.

"ఇవి గీతలు కావు. పగుళ్ళు. స్పిరిట్ కలిసిన మందేదో తగిలింది దీనికి. గీతలైతే పాలిష్ పెట్టి తీసేద్దును. ఇవి అతుకులోకి పోయినయి. ఇంత నీళ్ళ బరువు మీద ఎప్పుడు ఇడుస్తదో చెప్పలేం." సురేంద్ర వైపు తిరిగాడు. "ఎవరు కొట్టిండ్రు సార్ దీని మీద?"

సురేంద్ర తొట్టి వైపే చూస్తున్నాడు. అతని వెనక నరసింహమూర్తి నిలబడి ఉన్నాడు. ఆఫీసు మొత్తానికి పెద్దసారు. కాఫీ కప్పుతో అటు వెళ్తూ ఆగాడు.

"హౌస్‌కీపింగ్ వాళ్ళే ఎవరో అయ్యుంటారు," అన్నాడు సురేంద్ర. "కనపడిన ప్రతి అద్దానికీ ఏదో ఒకటి కొట్టేది అలవాటే కదా."

రత్నమాల అతని ముఖం వైపే చూసింది. ఒక్కసారి తిరిగి చూస్తాడని ఆగింది. అతను తిరగలేదు. నవ్య కంప్యూటర్ మీద ఏదో టైపు చేస్తూ ఉంది. తెర మీద ఏమీ లేదు.

"అయ్యో," అన్నాడు నరసింహమూర్తి. "జాగ్రత్తగా ఉండొద్దటండీ," అని కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా రత్నమాల, రంగనాథ్ కలిసి నీళ్ళు సగానికి తోడి, చేపలను స్టోర్‌రూంలో నీలిరంగు డ్రమ్ముల్లోకి మార్చారు. పంపు, హీటరు అమర్చారు. పసుపుపచ్చ చేప వలకు చిక్కకుండా సతాయించింది. సాయంత్రం ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చి, రేపటినుంచి పైఅంతస్తు బాత్రూంలు చూసుకొమ్మని చెప్పాడు.

"ఎందుకు?"

"నన్ను అడుగుతవేందమ్మా. సారు చెప్పిండు."

ఖాజాగూడలో ఇంటికి చేరేసరికి అత్త సక్కుబాయి వాకిట్లో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెరువు మీదనుంచి చల్లగాలి వస్తోంది. రాళ్ళ గుట్ట వెనక కొత్త టవర్ల లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి. రత్నమాల కాళ్ళు కడుక్కుని పక్కన కూచుని చేటలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది. జరిగింది చెప్పింది. చెప్తున్నంతసేపూ కాయలు తుంపుతూనే ఉంది.

"మరి నువ్వేమన్నవు?"

"ఏమంట అత్తమ్మ? అందరు సార్లే ఉన్నరు."

"సార్లైతే? నోరుంది కదనే నీకు. ఇంట్ల నా మీద లేస్తది ఆ నోరు."

"ఎవలు నమ్ముతరు?"

"నమ్మకుంటే మానె. నువ్వు చెప్పకపోతే నమ్మనీకె కూడ ఏముండదు." సక్కుబాయి పుచ్చిన కాయ ఒకటి ఏరి దూరంగా విసిరింది. "బాత్రూంలు కడుగుడు తప్పా?"

"తప్పని నేనన్ననా? కడుగుడు తప్పు గాదు. తప్పు చేసినవని కడిగిస్తున్నరు."

ముసలామె చేట పక్కకు జరిపింది. తర్వాత కోడలి ఎడమ చేయి పట్టుకుని, మణికట్టు నిండిన గాజులను చూసి, "అయితే ఇగ సగం గాజులు కుడిచేతికి ఎక్కియ్యి. వాడకట్టోళ్ళు ఒంటిచేతికే గాజులేందని నన్ను అడుగుడన్న మానుతరు," అంది.

రత్నమాలకు నవ్వొచ్చింది. కానీ గాజులు మార్చలేదు.

పైఅంతస్తులో పని ఎక్కువేం కాదు. అద్దాలు, కుళాయిలు, నేల, మళ్ళీ అద్దాలు. రత్నమాల అక్కడ గోడకున్న పెద్ద అద్దం మీద నీలిరంగు మందు చిమ్మి తుడిచేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆపి, పక్కనుంచి వంగి చూసేది. అద్దానికి ఏమీ కాదు. ఎంత రుద్దినా ఏమీ కాదు. అన్నం తినే వేళకు కిందికి దిగి స్టోర్‌రూంకు పోయేది. అది ఆమె పని కాదని చెప్పారు. చేపలకు మేత ఎవరు వేస్తారని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె డ్రమ్ములో నీటి ఉప్పు చూస్తుండగా సురేంద్ర వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా," అన్నాడు.

రత్నమాల కొలిచే గొట్టాన్ని వెలుగుకు పట్టి చూస్తోంది.

"పెద్దసారు మనిషిని మార్చమన్నాడు. నేనే ఆపినా. పోనీలే సార్, పాతమనిషి అన్నా. రంగనాథ్ రేపు శాంపిల్స్ తెస్తాండు. ఈసారి అద్దం తొట్టి తెప్పిస్తా. ఏం కొట్టినా, ఎట్ల రుద్దినా ఏం కాదు. అది రాంగానే మళ్ళా నిన్నే ఇక్కడ పెట్టిస్తా. నువ్వు మాత్రం ఎవరి కాడా ఏం మాట్లాడొద్దు. సరేనా?"

"ఎట్ల రుద్దిన సార్ నేను?"

సురేంద్ర చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. "నీకు మంచిదనే చెప్తాండా," అని వెళ్ళిపోయాడు.

ఆమె మేత చిటికెడు చల్లింది. చేపలు పైకి వచ్చాయి. డ్రమ్ములో వాటికి తిరగడానికి చోటు చాలడం లేదు. ఒకదాని తోకను ఒకటి తాకుతున్నాయి. అద్దం తొట్టి వస్తే తనకు పని తేలిక. మెత్తగుడ్డ వెతుక్కోనక్కర లేదు, ఇసుకకు భయపడనక్కర లేదు, గాజులు రెండు చేతులకూ వేసుకోవచ్చు. అది మంచిదే. కానీ ఆఫీసుకు వచ్చినవాళ్ళు ఆ అద్దం ముందు నిలబడి, ఇదివరకటిది ఏమైందని అడుగుతారు. ఎవరో ఒకరు జవాబు చెప్తారు. ఆ జవాబులో తను ఉంటుంది. తొట్టి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

ఆ రాత్రి అన్నం తిన్నాక సక్కుబాయి ఏమైందని అడిగితే, "రేపు చెప్త," అంది.

మర్నాడు రంగనాథ్ పగిలిన తొట్టిలో మిగిలిన నీళ్ళు గొట్టంతో తోడుతూ రత్నమాలకు కబురు పెట్టాడు. రాళ్ళు పట్టుకోవడానికి చెయ్యి కావాలి. ఆమె వచ్చేసరికి నరసింహమూర్తి, సురేంద్ర రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. బల్ల మీద రెండు ముక్కలున్నాయి. ఒకటి అద్దం, ఒకటి అక్రిలిక్. సురేంద్ర ఆమెను చూసి కనుబొమలు ముడిచాడు. ఆమె స్టూలు తెచ్చుకుని తొట్టి పక్కన నిలబడింది.

నరసింహమూర్తి అద్దం ముక్కను చేతిలోకి తీసుకుని వెంటనే రెండో చెయ్యి కూడా పట్టాడు. "ఇదేమిటండీ, ఇంత బరువు?"

"తొట్టి మొత్తం అయితే మోయనీకె మనుషుల గుంపు కావాలె సార్," అన్నాడు రంగనాథ్. "ఈ ఒంపు రాదు, చదరపు పెట్టెలెక్క వస్తది. తొట్టి వెనక గోడకున్న గూడు పగలగొట్టి సరిచెయ్యాలె. అంచున చూడుండ్రి, జర పచ్చగ కొడ్తది. కానీ గీత పడదు. ఏం కొట్టినా ఫికర్ లేదు. అక్రిలిక్ తేలిక. నడుమ గోడ ఉన్నట్టే కనపడదు. ఈసారి మందం పెంచుతం. కాకుంటే చూసుకునే చెయ్యి ఉండాలె."

నరసింహమూర్తి అక్రిలిక్ ముక్కలోంచి తన అరచెయ్యి చూసుకున్నాడు. "నాకు ఇదే బాగుందండీ."

"బాగుంటాది సార్," అన్నాడు సురేంద్ర. "కానీ మన హౌస్‌కీపింగ్ వాళ్ళ చేతికి అక్రిలిక్ నిలవదు. చూసినాం కదా. అద్దమే సేఫు."

"అదీ నిజమే. వాళ్ళకీ సులువుగా ఉండాలి కదా." నరసింహమూర్తి రత్నమాల వైపు తిరిగి మంచిగానే అడిగాడు. "ఏమ్మా, అద్దమైతే నీకూ భయం ఉండదు కదా?"

రత్నమాల చేతిలో తడి రాయి ఉంది. దాన్ని బకెట్లో పెట్టింది.

"నా కోసమైతే అద్దం వద్దు సార్."

రంగనాథ్ గొట్టం ఎత్తి పట్టుకున్నాడు.

"అద్దం మంచిదే. నాకు పని తక్కువైతది. కానీ నేను ఖరాబు చేసిన అని తెస్తున్నరు. నేను చెయ్యలే."

"రత్నమాలా, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు సురేంద్ర మెల్లగా.

"గీ కింద మూలకు సన్నగీత ఒకటి ఉన్నది చూడుండ్రి. అది నాది. ఇసుక చిక్కి పడ్డది. ఆనాడే రంగనాథ్ సారుకు చూపెట్టిన. ఈ పగుళ్ళు నాయి కావు. బొట్టు పోతలేదని సురేంద్ర సారు శానిటైజర్ కొట్టి తుడిచిండు."

గొట్టం చివరనుంచి ఉప్పునీళ్ళు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. నరసింహమూర్తి అక్రిలిక్ ముక్కను బల్ల మీద పెట్టాడు.

"సరేనమ్మా," అన్నాడు. "ఎవరు తుడిచారన్నది ఇప్పుడు వదిలేద్దాం. అయిందేదో అయింది. ముందు సంగతి చూద్దాం."

"నన్ను బాత్రూంలకు పంపినప్పుడు ఎవలూ వదిలెయ్యలే సార్."

ఆమె గొంతు పెంచలేదు. స్టూలు మీదనుంచి దిగింది. దిగి అక్కడే నిలబడింది.

"ఆ సీసా నా టేబుల్ మీదది సార్." నవ్య లేచి నిలబడింది. ఎవరి వైపూ చూడటం లేదు. "సురేంద్ర సార్ అడిగితే నేనే ఇచ్చినా. అక్క వద్దనింది. నేను విన్నా."

నరసింహమూర్తి సురేంద్ర వైపు తిరిగాడు. సురేంద్ర మెడలో కార్డు తాడును బొటనవేలికి చుట్టుకుంటున్నాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"నేనే తుడిచినా సార్," అన్నాడు. "వాళ్ళొస్తాండ్రని తొందరలో. ఇట్లయితాదని తెలీదు."

"ముందే చెప్పాల్సిందండీ," అన్నాడు నరసింహమూర్తి. ఆయన గొంతులో కోపం కంటే చికాకే ఎక్కువ ఉంది. చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత అక్రిలిక్ ముక్కను మళ్ళీ చేతిలోకి తీసుకుని, దాన్ని ఎవరికివ్వాలో తెలియనట్టు కొంచెంసేపు పట్టుకుని, రత్నమాలకు అందించాడు.

"రోజూ చూసుకునేది నువ్వు కదమ్మా. ఏది తెప్పించమంటావు?"

ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని ముక్క తీసుకుంది. తేలికగా ఉంది. దానిలోంచి చూస్తే నవ్య ముఖం, లిఫ్టు తలుపులు, నేల మీద తడి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనిపించాయి.

"ఇదే పెట్టుండ్రి," అంది.

"మళ్ళీ ఏమైనా అయితే?"

"గీతలు పడితయి సార్. పడకుంట ఉండయి. నావి పడితే నేను చెప్త. వేరేవాళ్ళవి పడితే వాళ్ళను చెప్పమనుండ్రి."

రంగనాథ్ నవ్వాపుకోవడానికి గొట్టం వైపు వంగాడు. నరసింహమూర్తి తల ఊపి, "సరే, అదే చెప్పండి," అని అతనితో అని, సురేంద్రతో "ఈమెను కిందికి తెచ్చేయండి, ఇవాళే," అని లోపలికి వెళ్ళాడు.

కొత్త తొట్టి ఎప్పటికి తయారవుతుందో, అంతవరకు డ్రమ్ముల్లో నీళ్ళు ఎంతెంత మార్చాలో రంగనాథ్ చెప్తుంటే రత్నమాల విన్నది. పసుపుపచ్చ చేపకు వేరే డ్రమ్ము కావాలంది. తెస్తానన్నాడు. రాళ్ళ బకెట్ ఎత్తుకుని అతను స్టోర్‌రూం వైపు నడిచాడు. నవ్య ఎవరికో ఫోన్‌లో దారి చెప్తోంది.

సురేంద్ర వెళ్ళలేదు. ఖాళీ తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. రత్నమాల తడిబట్ట కట్టెకు చుట్టుకుని వచ్చేసరికి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దసారు ముందర ఎందుకమ్మా? నాతో చెప్పింటే సరిపోతాండె కదా."

"మీతోనే చెప్పిన సార్," అంది ఆమె. "ఆనాడే. వద్దని."

అతను చూపు దించుకున్నాడు. అతని బూట్ల చుట్టూ ఉప్పునీళ్ళు చేరి ఉన్నాయి.

"జర పక్కకు జరుగుండ్రి," అంది రత్నమాల. "నేల తుడువాలె."

అతను జరిగాడు. ఆమె కట్టె వేసి అతను నిలబడ్డ చోటునుంచి తుడవడం మొదలుపెట్టింది.